ఆగే చోటు పొద్దున్నే తేల్చుకోండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటాక నల్లమల మొదలవుతుంది. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు ఒకటుంది. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు. మార్కాపురం వైపు నుంచి దోర్నాల మీదుగా వచ్చేవాళ్లకూ ఇదే పద్ధతి. రాత్రివేళ జంతువులు రోడ్డు దాటుతుంటాయి కాబట్టి ఈ కట్టుబాటు. తొమ్మిది దాటాక చేరి బతిమాలుకునేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. "సార్, రూమ్ బుక్ చేశాం సార్" అంటారు. "పొద్దున అభిషేకం టికెట్టుంది సార్" అంటారు. గేటు లేవదు.

బండి మీద తిరిగేవాళ్లలో ఆ గేటును తిట్టుకోనివాళ్లు తక్కువ. నాకు మాత్రం అది చాలా మర్యాదగల ఏర్పాటు అనిపిస్తుంది. నువ్వెంత అలసిపోయావు, నీకెంత ధైర్యముంది, నీ బండి ఎన్ని సీసీలు అన్న చర్చ పెట్టదు. ఈ రోజుకు ఇంతే అని చెప్పేస్తుంది. మిగతా రోడ్ల మీద ఆ మాట చెప్పేవాళ్లు లేరు. మనకు మనమే చెప్పుకోవాలి. అదీ పొద్దున బయల్దేరకముందే చెప్పుకోవాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే కుదరదు, ఎందుకంటే సాయంత్రానికి ఆ బండి మీద ఉండేది వేరే మనిషి.

సాయంత్రం మనిషి

పొద్దున్నే ఇడ్లీ తిని, టైర్లలో గాలి చూసుకుని బయల్దేరిన మనిషికి లెక్కలు బాగా వస్తాయి. ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎక్కడ పెట్రోలు, ఎక్కడ భోజనం, అన్నీ తెలుసు. సాయంత్రం ఐదున్నరకు అదే మనిషి ఏదో ఊరి బస్టాండు దగ్గర టీ తాగుతూ ఫోన్లో మ్యాపు తీస్తాడు. "ఇంకా తొంభై కిలోమీటర్లేరా, గంటన్నర, పోదాం" అంటాడు. ఆ గంటన్నర మ్యాపు కారుకు చెప్పిన లెక్క. వీడికి నడుము పట్టేసింది, అరచేతులు తిమ్మిరెక్కాయి, మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. అయినా పోదామనే అంటాడు. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగడం నామోషీ. కూడా వచ్చిన నలుగురిలో ముగ్గురికి ఆగాలనే ఉంటుంది, ముందుగా ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఒళ్లు అలసిపోతే తెలుస్తుంది. తీర్పు అలసిపోతే తెలియదు. "నేను బాగానే ఉన్నాను" అనిపించడం కూడా చాలాసార్లు అలసటలో భాగమే. అందుకని సాయంత్రం మనిషికి ఓటు హక్కు ఇవ్వొద్దంటాను. పొద్దుటి మనిషి చేసిన తీర్మానాన్ని అమలు చేయడం వరకే అతని పని.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ప్రమాదాలు ఎక్కువగా జరిగే వేళ ఏదో ఆ శాఖ పట్టికల్లోనే ఉంటుంది: సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా.

కారణాలు మన జిల్లాల్లో తిరిగినవాళ్లకు కళ్లెదుటే ఉన్నాయి. పొద్దువాలే వేళకు గేదెలు ఇళ్లకు మళ్లుతాయి, రోడ్డంతా వాటిదే. కోతల కాలమైతే సగం రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసి ఉంటాయి. వాటి అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు పేర్చుతారు. గింజలు ఎత్తుకెళ్లాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉండిపోతాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు, రెండు పక్కలా పొంగుకొచ్చిన పత్తి లోడు, రంగు వేయని స్పీడ్‌బ్రేకరు, ఇవన్నీ పగలు చిరాకులు. చీకట్లో చావులు.

హెడ్‌లైట్ లెక్క కూడా ఒకసారి వేసుకోండి. డిమ్‌లో మామూలు బండి లైటు స్పష్టంగా చూపించేది నలభై యాభై మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అడ్డం చూసి, బ్రేకు నొక్కి, బండి నిలిచేసరికి పొడి రోడ్డు మీద సుమారు 40 మీటర్లు పోతుంది. 80 మీద పోతుంటే 60 మీటర్లు దాటుతుంది. అంటే రాత్రిపూట 80లో వెళ్లేవాడు తన లైటు చూపించే దూరం కన్నా ముందుకు తోలుతున్నాడు. రాయి కనిపించిన క్షణానికే ఆలస్యమైపోయింది. ఇందులో నేర్పు ప్రసక్తి లేదు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నా బండి ఆగడానికి పట్టే దూరం తగ్గదు.

రోజును వెనక నుంచి లెక్కపెట్టండి

మనం సాధారణంగా ఎక్కడికి చేరాలో చూసి, దాన్నిబట్టి రోజును సాగదీస్తాం. దీన్ని తిరగేయాలి. సాయంత్రం నాలుగుకల్లా బండి స్టాండు వేసి ఉండాలి అన్నది మొదట రాసుకోండి. పొద్దున ఆరుకు బయల్దేరితే చేతిలో పది గంటలు. టిఫిన్‌కు, భోజనానికి, గంటన్నరకోసారి దిగి నడుము సాచడానికి, ఫొటోలకు, పెట్రోలుకు, ఏదో ఒక పంక్చరుకు కలిపి మూడు గంటలు తీసేయండి. మిగిలింది ఏడు. రెండు లైన్ల రోడ్డు మీద ఊళ్లన్నీ దాటుకుంటూ పోతే గంటకు నలభై పడితే గొప్ప. ఘాట్‌లో పాతిక. ఇప్పుడు మ్యాపు మీద వేలు పెట్టి, ఆ దూరంలో పడుకోవడానికి గది దొరికే ఊరేదో చూడండి. అదే మీ ఊరు. దానికి జలపాతం లేకపోవచ్చు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు లేకపోవచ్చు. ఆర్టీసీ బస్టాండు ఎదురుగా ఒక లాడ్జి, పక్కన ఒక మెస్సు ఉంటే చాలు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 220 కిలోమీటర్లు. ఈ లెక్కన ఒక రోజుకు అది చక్కగా సరిపోతుంది. చాలామంది మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు పని ముగించుకుని బయల్దేరతారు. గేటు పడేలోపు దూరాలని చివరి వంద కిలోమీటర్లు తరుముకుంటూ వెళ్తారు. ముందు రోజు రాత్రి ఇంట్లో హాయిగా పడుకుని తెల్లారి లేచి వెళ్తే అడవిలో పగటి వెలుతురు దొరుకుతుంది. నల్లమలను చూడటానికి వెళ్లి నల్లమలను చీకట్లో దాటేయడం ఏం సరదానో నాకిప్పటికీ అర్థం కాదు.

ఘాట్ దిగేటప్పుడు ఒక్క మాట. ఏ గేరులో ఎక్కాల్సి వస్తుందో అదే గేరులో దిగండి. న్యూట్రల్‌లో పెట్రోలు మిగుల్చుకుంటూ దిగేవాళ్లకు మిగిలేది కొద్ది చుక్కలు. బ్రేకు ఒక్కదాని మీదే భారం వేస్తే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. మారేడుమిల్లి మలుపుల్లోనైనా, అనంతగిరి మీదుగా అరకు పోయే దారిలోనైనా ఇదే సూత్రం.

ఎండాకాలం లెక్క వేరు. ఒంటి వేడి కన్నా బయట వేడి ఎక్కువైనప్పుడు తగిలే గాలి చల్లబరచదు, ఒంట్లో నీటిని లాగేస్తుంది. చెమట పట్టడం లేదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం. నిజానికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోంది. మే నెలలో పల్నాడులోనో రామగుండం వైపో తిరగాల్సి వస్తే తెల్లవారుజామున బయల్దేరి పదకొండుకల్లా ఆ రోజుకు ముగించండి. టీషర్టు మీద వెళ్లకండి, చేతులు పూర్తిగా కప్పుకోండి.

ఎక్కడ పడుకుంటామన్నదే అసలు సంగతి

లడఖ్ మీద మన కుర్రాళ్లకున్న మోజు తెలిసిందే. మనాలి నుంచి లేహ్‌కు దాదాపు 430 కిలోమీటర్లు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని తప్పింది, ప్రయాణం తేలికైంది. ఆ తేలికతోనే కొత్త చిక్కు వచ్చింది. మనాలి సముద్ర మట్టానికి సుమారు 2,050 మీటర్ల ఎత్తు. పొద్దున బయల్దేరినవాళ్లు ఉత్సాహం కొద్దీ సర్చూ దాకా పోయి డేరాల్లో పడుకుంటారు. అది 4,290 మీటర్లు. ఒక్క రోజులో రెండు వేల రెండు వందల మీటర్లు పైకి. రాత్రి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టదు. "జలుబేమో" అనుకుంటారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు అది. ముదిరితే ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరి ప్రాణం తీస్తుంది.

పర్వత వైద్యులు చెప్పే నియమం సులువైనది. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఒక రోజు ఆగాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లి దిగినా ఒళ్లు కొంత ఓర్చుకుంటుంది, రాత్రి ఎక్కడ తల వాల్చామన్నది ముఖ్యం. ఆ రోడ్డు మీద ఈ నియమం అక్షరాలా పాటించడం కష్టం. సర్చూ దాటాక లేహ్ దగ్గర పడేదాకా తక్కువ ఎత్తున్న ఊరు దొరకదు. అందుకే కిందనే ఎక్కువ ఆగాలి. కేలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఆగినవాడికి సర్చూ అంత భయపెట్టదు. విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవాళ్లయితే రెండు రోజులు ఊళ్లోనే ఉండాలి. లేహ్ ఎత్తే 3,500 మీటర్లు. దిగిన మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి బోర్డు పక్కన ఫొటో దిగాలన్న తొందర ఎందుకు? ఆ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది, కొలిచి చూస్తే 17,582. ఎనిమిది వందల అడుగుల కోత బోర్డే కోసింది!

ముందే గడియారం పెట్టుకోవడం పర్వతారోహకుల దగ్గర ఉన్న పాత అలవాటు. ఎవరెస్ట్ మీద చివరి రోజు ఫలానా గంటకల్లా శిఖరం చేరకపోతే, అది ఎంత దగ్గర్లో ఉన్నా వెనుదిరగాలి. 1996 మే 10న నేపాల్ వైపు నుంచి ఎక్కిన బృందాలకు ఆ గంట మధ్యాహ్నం ఒకటి, మహా అయితే రెండు. చాలామంది రెండు దాటాక కూడా ఎక్కుతూనే ఉన్నారు. సాయంత్రం తుపాను వచ్చింది. ఆ రాత్రి, మర్నాడు కలిపి ఎవరెస్ట్ మీద ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఎన్నోసార్లు పర్వతాలెక్కిన నాయకులూ ఉన్నారు. నియమం పెట్టినవాళ్లే శిఖరం కనిపించేసరికి దాన్ని సడలించారు. నిజామాబాద్ జిల్లా పిల్ల మలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ కథ స్కూళ్లలో చెబుతున్నాం, చెప్పాలి కూడా. దాని పక్కనే 1996 కథ కూడా చెప్పాలని నా అభిప్రాయం.

బరువు తక్కువైతే ఎక్కడైనా ఆగొచ్చు

వీపున సంచి వేసుకుని బస్సుల మీద, కాలినడకన తిరిగేవాళ్లకు ఆగే స్వేచ్ఛ వాళ్ల సంచి బరువులో ఉంటుంది. పదిహేను కిలోల సంచి ఉన్నవాడు ఊళ్లోకి దిగగానే ముందు గది వెతుక్కుంటాడు. ఏడు కిలోల సంచి ఉన్నవాడు నాలుగు వీధులు తిరిగి, ఎవరితోనో మాట్లాడి, నచ్చితే ఉంటాడు, లేకపోతే తర్వాతి బస్సెక్కుతాడు. నడిచే ప్రయాణమైతే ఒంటి బరువులో ఆరో వంతు దాటనివ్వకండి. అరవై కిలోల మనిషికి నీళ్లతో సహా పది కిలోలు. లీటరు నీళ్లంటే కిలో అని మరిచిపోవద్దు. బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని నడిమి భాగంలో ఉండాలి, నడుము పట్టీ బిగించాలి. భారం భుజాలు కాక తుంటి మోయాలి. సంచి మీద వేసే కవరును నమ్మకుండా లోపల బట్టలన్నీ ఒక పెద్ద పాలిథిన్ కవరులో పెట్టండి. సర్దుకున్నాక ఆ సంచితో మీ అపార్టుమెంటు మెట్లు కింది నుంచి పైకి రెండుసార్లు ఎక్కి దిగండి. ఏది తీసేయాలో మీ మోకాళ్లే చెబుతాయి.

బస్సుల మీద తిరిగేవాళ్లకు మన ఆర్టీసీ ఒక చక్కని ఏర్పాటు చేసింది, దాన్ని వాడుకునే పర్యాటకులు తక్కువ. నైట్ హాల్ట్ సర్వీసు. సాయంత్రం పల్లెకు పోయే ఆఖరి బస్సు రాత్రికి అక్కడే ఉండి, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగొస్తుంది. డ్రైవరూ కండక్టరూ ఊళ్లోనే పడుకుంటారు. దారి తెలియని చోటికి వెళ్లేవాళ్లకు ఇంతకన్నా భరోసా ఏముంటుంది? పొద్దున బస్సు ఖాయం, ఊళ్లో ముఖం తెలిసిన ఇద్దరు మనుషులు ఖాయం. పాడేరు, చింతూరు వైపు తిరిగినప్పుడు నేను డిపోలో మొదట అడిగేది ఇదే. ఒకసారి ఒక కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ఆ ఊళ్లో చూడ్డానికేముంది సార్?" అన్నాడు. "మీరు పడుకునే ఊరు కదా, చూద్దామని" అన్నాను. ఆ రాత్రి భోజనం అతనితోనే అయింది. చేపల పులుసు.

ఇంత తీరిగ్గా వెళ్తే ఎంత దూరం పోతామని అనుమానం వస్తే ఏనుగుల వీరాస్వామయ్యను తలుచుకోండి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న సుమారు వంద మందితో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పల్లకీ ప్రయాణం. బోయీలు ఎంత మోయగలిగితే అంత దూరం. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్ మీదుగా కాశీకి, కలకత్తా, పూరీ మీదుగా ఇంటికి. ఆయన రాసుకున్న 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోయారు. పోయిన దూరం కన్నా ఆగిన చోట్ల గురించే ఆ పుస్తకంలో ఎక్కువుంది. ఇవాళ మనం దాన్ని చదివేదీ అందుకే.

తోడున్నప్పుడు

ఇద్దరు వెళ్తే వెనక కూర్చున్నవాళ్లకు ఆపే అధికారం ముందే ఇచ్చేయండి. భుజం మీద తడితే కారణం అడక్కుండా ఆపాలి. ముఖ్యంగా భార్యాభర్తలు. "ఇంకో పది నిమిషాలు ఓర్చుకో" అన్న మాట దగ్గర ఎన్ని మంచి ప్రయాణాలు పాడయ్యాయో. గుంపుగా వెళ్తే అందరిలోకీ నెమ్మదిగా వచ్చేవాణ్ని రెండో స్థానంలో పెట్టండి, వేగం అతనిది. ముందు బండి ప్రతి మలుపు దగ్గరా వెనక బండి అద్దంలో కనిపించేదాకా ఆగాలి. ఇవి పొద్దున టిఫిన్ దగ్గర తేల్చుకుంటే అయిదు నిమిషాల పని. సాయంత్రం రోడ్డు పక్కన తేల్చుకోబోతే గొడవ.

రోడ్డు దిగాక

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో సగం ఆగకు, ఆగకు అని చెప్పేవే. హైదరాబాద్ అశోక్ నగర్ వీధుల్లో ఆ మాట ఎంత ఖరీదైనదో కనిపిస్తుంది. గ్రూప్స్‌కు చదవడానికి డిగ్రీ అవగానే వచ్చిన పిల్లలు అక్కడి హాస్టళ్లలో ఏళ్లు గడుపుతారు. నోటిఫికేషన్ వాయిదా పడుతుంది, పరీక్ష కోర్టుకెక్కుతుంది. "ఇంత చదివాం, ఇంకో ఏడాది" అంటారు. తొంభై కిలోమీటర్లేగా అన్న మాటే ఇది. చదవొద్దని నేను చెప్పను, వచ్చేవాళ్లకు ఉద్యోగం వస్తుంది. వచ్చిన మొదటి రోజే ఇంట్లోవాళ్లతో కూర్చుని ఎన్నేళ్లు, ఎంత డబ్బు, ఆ తర్వాత ఏ పని అని మూడు సంగతులు రాసుకోవాలంటాను. షేర్లలో డబ్బు పెట్టేవాళ్లూ, హోటలు తెరిచేవాళ్లూ అంతే. ఎంత పోతే మూసేస్తామో రిబ్బను కత్తిరించకముందు రాసుకోవాలి. నష్టంలో కూరుకుపోయిన మనిషి వేసే లెక్కకూ, రాత్రి ఎనిమిదింటికి ఘాట్ కింద టీ తాగుతున్నవాడు వేసే లెక్కకూ తేడా లేదు.

రాసుకున్న గడువును మార్చుకోకూడదా? మార్చుకోవచ్చు, పొద్దున. ఒక రాత్రి నిద్రపోయి లేచాక, ఇంట్లో ఒకరికైనా చెప్పి. నేను పెట్టుకున్న మినహాయింపు ఇదొక్కటే, దీన్ని దాటి ఎవరికీ సలహా ఇవ్వను.

ఈసారి బయల్దేరేముందు ఒక చీటీ రాయండి. ఏ దారిన వెళ్తున్నారు, ఏ ఊళ్లో ఆగుతారు, ఎన్ని గంటలకల్లా ఫోన్ చేస్తారు, చేయకపోతే ఇంట్లోవాళ్లు ఎంతసేపు చూసి ఎవరికి చెప్పాలి. అడవుల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి గంటన్నర వెసులుబాటు ఇవ్వండి. కింద మీ రక్తం గ్రూపు, 108, 112 నంబర్లు రాయండి. ఒక కాపీ ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి, ఇంకొకటి పర్సులో పెట్టుకోండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ పెట్టుకుని, దాని పట్టీ బిగించుకుని, ఆ తర్వాత కిక్కు కొట్టండి.